పునాది తవ్వే ముందు ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చో

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ దీవెనలు. నువ్వు ఫోన్‌లో పంపిన నీ నాలుగు కుక్కల షెడ్డు బొమ్మ చూశాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. కొలతలు రాశావు, తలుపులు ఎటో గుర్తు పెట్టావు, చాలా సంతోషం. కానీ అందులో మూడు సంగతులు నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. మామిడిచెట్టు కింద కట్టాలనుకోవడం, ముఖం పడమటికి పెట్టడం, పైన ఐదడుగుల ఎత్తులో ఇనుప రేకులు వెయ్యడం. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, మేస్త్రీకి చూపించడానికీ ఏమీ ఉండదు. అందుకే కాగితం మీద రాస్తున్నా.

ముందు రేకుల సంగతి. చంద్రగిరి పక్కన మా తోటలో మొదటిసారి నేను కట్టించిన షెడ్డు అచ్చం నీ బొమ్మలోలాగే ఉండేది. తక్కువ ఖర్చులో అయిపోతుందని మేస్త్రీ అంటే సరేనన్నాను. ఆ ఏడాది మే నెలలో ఒకరోజు సంతకు పోతూ మా కుక్క నల్లోణ్ణి లోపలపెట్టి గడియ వేశాను. మధ్యాహ్నం రెండింటికి వచ్చి చూస్తే వాడు నేల మీద పక్కకు వాలి, నాలుక ఎర్రగా వేలాడేసి, గుండె ఎగిరిపడేలా రొప్పుతున్నాడు. నీళ్లగిన్నె ఉంది, కానీ అందులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. సాయంత్రానికి పోయాడు. నలుపు వెంట్రుక, కింద సిమెంటు, పైన రేకు, పడమటెండ. వాణ్ణి నేనే ఆ పొయ్యిలో పెట్టి తాళం వేశాను కదా అని ఇప్పటికీ మే నెల వస్తే గుర్తొస్తుంది.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పితేనే దాని వేడి బయటికి పోవాలి. చుట్టూ ఉన్న గాలే కాలుతుంటే ఎంత రొప్పినా లాభం లేదు. అందుకే నీకు ఒకే ఒక పని చెబుతున్నా, మిగతావన్నీ దాని తర్వాతే. పునాది తవ్వే ముందు ఆ స్థలంలో కుర్చీ కాదు, గోనెపట్టా వేసుకుని నేల మీద కూర్చో. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం నాలుగింటికి. నిలబడితే తగిలే గాలి నేల దగ్గర తగలదు. కుక్క ఉండేది అక్కడే. రాత్రి పదింటికి కూడా ఒకసారి పోయి చూడు, రోడ్డు లైట్లు కళ్లలో పడతాయా, పక్కవాళ్ల మోటారు చప్పుడు ఎంత వినిపిస్తుందో తెలుస్తుంది.

మామిడిచెట్టు వద్దని ఎందుకంటున్నానంటే, పూత కాలంలో మనం చెట్లకు మందు కొడతాం. ఆ మందు చినుకులు కిందనున్న గిన్నెలోనూ పడతాయి, కుక్క ఒంటి మీదా పడతాయి. అది ఒళ్లు నాక్కుంటుంది. కాయల కాలంలో ఇంకో గండం. రాలిన పండు తిని టెంక మింగేస్తాయి. మన లాబ్రడార్ లాంటిది ఏదైనా మింగేస్తుంది. ఆ టెంక పేగులో అడ్డం పడితే కోత కొయ్యాల్సిందే. పైగా మామిడికి చీమలు. దానికి బదులు నీ బోరుకు ఉత్తరంగా ఉన్న వేపచెట్టు, కానుగ చెట్టు మధ్య జాగా చూడు. ఎండలు ముదిరేసరికి ఆ రెండూ కొత్తాకు వేసుకుని నిండుగా నీడ ఇస్తాయి. గన్నేరు మాత్రం ఆ చుట్టుపక్కల ఉండకూడదు, ఉంటే వేళ్లతో సహా తీసేయించు. ఆకు నమిలినా విషమే.

షెడ్డు పొడుగు తూర్పు పడమరలుగా రావాలి. పడమటి వైపు నిండు గోడ, అటునుంచే ఎండా, వడగాలీ కొడతాయి. తూర్పున కూడా గోడ కట్టించు, మన జిల్లాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన అటునుంచే విసురుతుంది. ఉత్తరం, దక్షిణం తెరిచి ఉంచితే గాలి ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పోతుంది. కప్పు ఎత్తు తక్కువలో తక్కువ ఎనిమిదడుగులు. చూరు మూడడుగులు బయటికి రావాలి. బెంగళూరు పెంకు దొరికితే అంతకు మించింది లేదు. రేకులే వెయ్యాల్సి వస్తే పైన తెల్ల సున్నం కొట్టించి, కింద ఒక అడుగు జాగా వదిలి వెదురు తడికెలు కట్టించు. ఆ మధ్యలో గాలి ఆడితే వేడి కిందికి దిగదు. తాటాకు కప్పు చల్లగానే ఉంటుంది, కానీ అందులో పిడుదులు, తేళ్లు కాపురం పెడతాయి. నేను ఒకసారి వేసి, ఒక్క ఏడాదిలో పీకించేశాను.

ఒకవేళ ఎప్పుడైనా ఎండదెబ్బ తగిలితే గుర్తుపెట్టుకో: ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి. ఒళ్లంతా తడిసేలా మామూలు నీళ్లు పొయ్యి, పొట్ట కింద, పాదాల దగ్గర బాగా తడుపు, ఫ్యాను పెట్టు. నల్లోడి విషయంలో నేను బండి కోసం పరిగెత్తాను, నీళ్లు తర్వాత పోశాను.

నేల గురించి. పడుకునే గదుల్లో సిమెంటు గచ్చు, కానీ అద్దంలా రుద్దించొద్దు, తడిస్తే కాళ్లు జారి తుంటి పట్టేస్తుంది. చీపురుతో గీతలు గీయించమను. నీళ్లు జారిపోయే వాటం గురించి మేస్త్రీకి గట్టిగా చెప్పు, పది అడుగులకు రెండంగుళాలైనా ఉండాలి. వాటం వెనక్కి, కాలువ షెడ్డు బయట. కాలువ లోపల ఉంటే కుక్క అందులోనే పడుకుంటుంది, అందులోనే తాగుతుంది. నేల చుట్టుపక్కల మట్టికంటే అడుగున్నర ఎత్తు లేకపోతే తుఫాను వాన వచ్చిన రాత్రి నువ్వు టార్చి పట్టుకుని కుక్కల్ని ఇంట్లోకి మోసుకోవాలి.

ప్రతి గదిలో ఒక అరుగు కట్టించు, ఆరంగుళాల ఎత్తు, కుక్క కాళ్లు చాచి పడుకునేంత. చలికాలం దాని మీద గోనెసంచి వేస్తే చాలు. వరిగడ్డి వద్దు, పిడుదులు దాక్కుంటాయి. గది ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు ఉంటే రాత్రికి సరిపోతుంది. పగలు మాత్రం అవి అందులో ఉండకూడదు. ముందు పెద్ద ఆవరణ ఉండాలి, నీకు జాగా ఉంది కాబట్టి ముప్పై అడుగుల పొడుగైనా వదులు, పరిగెత్తాలి కదా. ఆవరణలో వేపనీడన ఒక మూల బండెడు ఏటి ఇసుక పోయించు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇసుక తడిపితే నాలుగూ తవ్వుకుని అందులోనే పడుకుంటాయి. ఏడాదికోసారి ఆ ఇసుక మార్చేయాలి.

కంచె ఏడడుగులు. రాజపాళయం అంటే ఎగిరే కుక్క నాయనా, ఐదడుగుల కంచె దానికి అడ్డమే కాదు. చైన్‌లింక్ గట్టిది తీసుకో, పలచటి తీగ పళ్లతో విప్పేస్తుంది. కంచె కింద అడుగున్నర కందకం తవ్వి రాళ్లు, సిమెంటు పోయించు. వానపడ్డాక మట్టి మెత్తబడితే నాటుకుక్క ఒక్క రాత్రిలో కింద నుంచి దారి చేసుకుంటుంది. కింది రెండడుగుల మేర అరంగుళం కళ్లున్న సన్న జాలీ అదనంగా కట్టించు. రక్తపింజరి, నాగుపాము లోపలికి రాకుండా. కాలువ మూతికి కూడా జాలీ మరిచిపోవద్దు, అందరూ అదే మరిచిపోతారు. కట్టెలమోపులు, పాత ఇటుకలు షెడ్డుకు ఆనించి పెట్టొద్దు. రోడ్డు వైపు కంచెకు తడికె కట్టించు. కనబడిన ప్రతి బండికీ మొరిగి మొరిగి అలసిపోతాయి, పక్కింటోళ్లతో గొడవ కూడా.

మనది శేషాచలం కొండల కింది పల్లె. చిరుతకు కుక్క ఇష్టమైన తిండి. మా పక్క తోటలో ఒకాయన తన కుక్కను రాత్రిళ్లు గొలుసుతో గుంజకు కట్టేసేవాడు. ఒక తెల్లవారుజామున గొలుసు మాత్రమే మిగిలింది. కట్టేసిన కుక్క పారిపోలేదు, దాక్కోలేదు. అందుకే చీకటి పడేసరికి నాలుగూ గదుల్లో ఉండాలి, ఆ గదులకు రేకు కింద నిండా ఇనుప జాలీ ఉండాలి. రేకు గాలికి లేవొచ్చు, చిరుత పంజాకు జరగొచ్చు. జాలీ లేవదు. గొలుసు అలవాటు పగలు కూడా చెయ్యొద్దు. ఎప్పుడూ కట్టేసి ఉంచి, తిప్పకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

తలుపు. గది తలుపు లోపలికి తెరుచుకోవాలి, బయటికి కాదు. లోపల నుంచి కుక్క తోస్తే తలుపు ఇంకా బిగుసుకోవాలి. ఆవరణకు మాత్రం రెండు తలుపులు పెట్టించు, మధ్యలో మనిషి నిలబడే నాలుగడుగుల జాగా. ఒకటి వేశాకే ఇంకోటి తెరవాలి. పాలమనిషి, కూలోళ్లు, పిల్లలు ఎవరొచ్చినా కుక్క బయటికి పోదు. దీపావళి రాత్రి దీని విలువ తెలుస్తుంది. టపాకాయల చప్పుడుకు బెదిరి తలుపు తెరవగానే దూకి పోయిన కుక్కలు మా ఊళ్లో ఎన్నో. గడియకు కొక్కెం ఒక్కటే చాలదు, మూతితో ఎత్తేస్తాయి. బోల్టు ఉండాలి, దానికి చీల.

గదికీ గదికీ మధ్య నాలుగడుగుల ఎత్తు నిండు గోడ ఉండాలి, పైన జాలీ. జాలీ ఒక్కటే ఉంటే ఒకదానికొకటి కనబడి, తిండి దగ్గర పళ్లు బయటపెట్టి రోజంతా టెన్షన్. ఎవరి గదిలో వాళ్లకు తిండి పెట్టు, ఇరవై నిమిషాలాగి గిన్నెలు తీసెయ్. నీళ్లు మాత్రం రెండు చోట్ల ఉండాలి, బరువైన సిమెంటు తొట్లలో. ఆడకుక్క ఎదకొచ్చినప్పుడు దాదాపు మూడు వారాలు విడిగా ఉంచాలి. ఆపరేషన్ చేయిస్తే ఆ బాధే ఉండదు, నేనైతే చేయించమంటాను.

గోడలు నున్నగా పూయించు, పగుళ్లు లేకుండా. పిడుదులు కుక్క మీదే ఉంటాయనుకుంటాం గానీ, తాగి కిందపడి గోడ సందుల్లోకి ఎక్కి గుడ్లు పెడతాయి. కుక్కకు మందు వేసి గోడ వదిలేస్తే పది రోజుల్లో మళ్లీ మొదలు. టిక్ ఫీవర్ వచ్చిన కుక్క తిండి మానేసి చిక్కి పోతుంటే చూడలేవు. గోడ మూలలు వారానికోసారి చూసుకో, మందు సంగతి డాక్టరును అడిగి వాడు. నేల కడగడానికి ఫినాయిల్ పోసినా, బ్లీచింగ్ పోసినా మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఆరాకే కుక్కను వదులు.

చివరగా ఇంకో చిన్న గది, ముప్పై అడుగుల దూరంలో. నీ బొమ్మలో అది లేదు. కొత్త పిల్లను తెచ్చినా, ఏదైనా జబ్బు పడినా మొదట అక్కడే. కొత్తది రెండు మూడు వారాలు అక్కడ ఉన్నాకే మిగతావాటితో కలపాలి. పార్వో అనే జబ్బు మట్టిలో నెలల తరబడి ఉండిపోతుంది, టీకా పడని పిల్లలు దానికి చాలా తొందరగా బలైపోతాయి. ఆ గదికి గిన్నె వేరు, చీపురు వేరు, చెప్పులు కూడా వేరు. పెంట రోజూ ఎత్తి దూరంగా గుంటలో పూడ్చు, కూరగాయల మడికి వెయ్యొద్దు. దాణా మూతగట్టి డ్రమ్ములో ఉంచు, ఎలుకలు చేరితే వాటి ఉచ్చతో కుక్కకూ నీకూ జబ్బే. ఎలుకల మందు, చేనుకు వేసే గుళికలు కుక్కల షెడ్డు దగ్గర పెట్టనే కూడదు.

మేస్త్రీ పని మొదలుపెట్టేది ఎప్పుడో చెప్పు. ముగ్గు పోసే రోజు నేను బస్సెక్కి వస్తాను, టేపు నా దగ్గరుంది. అమ్మకు చెప్పు, నాకు మధ్యాహ్నం అన్నం నీ షెడ్డు స్థలంలోనే పెట్టమని. రెండింటిదాకా అక్కడే కూర్చుని చూస్తాను.

నీ పెద్దమ్మ