పీట్ పొగ వాసన కొట్టే స్కాచ్ ఏల్ పాడైనట్టా?

స్కాచ్ ఏల్ (స్కాట్లాండ్ తరహా బలమైన బీరు) సీసా తెరిచి మొదటి గుక్క తాగగానే అయోడిన్ వాసన, తడిసి ఆరిపోయిన నెగడు వాసన కలిసి వచ్చాయని, సీసా పాడైందా లేక దాని స్వభావమే అదా అని అడిగారు. పీట్ అనే మట్టి పొగ పట్టించిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వాడినట్టు లేబుల్ మీద ఉందని మీరే రాశారు కాబట్టి, అది దాని స్వభావమే అయివుండాలి. నా మొదటి సీసాలో సగానికి పైగా సింకులో పారబోసినవాణ్ణి కనుక మీ అనుమానం నాకు బాగా అర్థమవుతుంది.

ఆ రోజు నేను చేసిన పొరపాటు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను అలాగే ఎత్తి తాగడం. బాగా చల్లగా ఉన్నప్పుడు మాల్ట్ తీపి, దాని చిక్కదనం నాలుకకు సరిగా అందవు. పొగ మాత్రం ఎంత చల్లబరిచినా ముక్కును వదలదు. తీపి తోడు లేని పొగను తాగితే మసినీళ్లు తాగినట్టే ఉంటుంది. కొన్ని నెలల తర్వాత ఒక మిత్రుడి ఇంట్లో అదే రకం ఏల్‌ను, కింద బొద్దుగా ఉండి మూతి దగ్గర సన్నబడే గ్లాసులో పోసుకుని, మాటల్లో పడి అరగంట సేపు ముట్టుకోలేదు. అప్పటికి నురుగు అణిగి గ్లాసు అంచున సన్నని గోధుమరంగు గీతగా మిగిలింది. వాసన చూస్తే ముందు మసి తగిలినా, దాని వెనకే కాలిన పంచదార పాకం, ఆ తర్వాత ఎండుద్రాక్ష స్పష్టంగా తెలిశాయి. గుక్క మింగాక అయోడిన్ ఛాయ గొంతు దగ్గర కాసేపు నిలిచిందే గాని, ఈసారి అది మందు వాసనలా కాక, తీపికి కళ్లెం వేసే చేదులా అనిపించింది. సగం గ్లాసు అయ్యేసరికి ముక్కు కూడా అలవాటుపడింది, పొగ వెనక్కి తగ్గి మాల్ట్ ముందుకు వచ్చింది.

ఆ వాసనకు మూలం పీట్. తడి నేలల్లో నాచు, గడ్డి పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుంటే ఏర్పడే నల్లని మట్టి అది. ఎండబెడితే కట్టెలా మండుతుంది. మొలకెత్తిన బార్లీని దాని పొగ మీద ఆరబెట్టినప్పుడు గ్వాయకాల్, క్రీసాల్ వంటి ఫీనాల్ పదార్థాలు గింజకు పట్టుకుంటాయి. వాటిలో గ్వాయకాల్ పొగ వాసననూ, క్రీసాల్ ఆసుపత్రిని తలపించే మందు వాసననూ ఇస్తాయి. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపపు విస్కీలకు పేరు తెచ్చిన వాసన ఇదే. అయితే విస్కీలో ఈ పొగను ఇష్టపడేవారు కూడా బీరులో దీన్ని చూసి ఉలిక్కిపడటానికి కారణం ఉంది. విస్కీని బట్టీలో దించేటప్పుడు ఫీనాళ్లలో చెప్పుకోదగ్గ భాగం వెనకే మిగిలిపోతుంది, పైగా పీపాలో గడిపే ఏళ్లు మిగిలినదాన్ని మెత్తబరుస్తాయి. ఏల్‌లో అలాంటి వడపోత ఏదీ లేదు కనుక మాల్ట్‌కు పట్టిన పొగ చాలావరకు గ్లాసులోకే వస్తుంది.

అందుకే కొలత తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఇంట్లో బీరు కాచే అలవాటున్న ఆ మిత్రుడు ఒకసారి దాదాపు 8 కిలోల మాల్ట్‌లో 800 గ్రాములు పీట్ మాల్ట్ కలిపాడు. ఏడాది నిల్వ ఉంచినా ఆ ఏల్‌ను ఎవరమూ పూర్తిగా తాగలేకపోయాం. మరుసటిసారి 150 గ్రాములతో సరిపెట్టాడు, సీసాలు నెలలోపే ఖాళీ అయ్యాయి.

స్కాట్లాండ్ ఏల్ అంటేనే పొగ ఉండాలన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది, దాన్ని పట్టించుకోకండి. అక్కడి బలమైన ఏల్‌ను ‘వీ హెవీ’ అంటారు. ఆల్కహాలు సుమారు 6.5 నుంచి 10 శాతం, చేదునిచ్చే హాప్స్ పూలు తక్కువ, మాల్ట్ తీపి ఎక్కువ. బీరు పోటీల న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ 2015 మార్గదర్శకాలు ఈ తరహాలో పీట్ మాల్ట్ అసలైనది కాదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాయి. స్కాట్లాండ్‌లోని ట్రాక్వేర్ హౌస్ అనే పాత భవంతిలో 1965లో తిరిగి మొదలైన బీరు తయారీ కేంద్రం ఏల్ నేను తాగినప్పుడు అందులో నాకు పొగ ఊసే తగల్లేదు. అంటే పీట్ కలిపిన స్కాచ్ ఏల్ ఆధునిక తయారీదారుల ముచ్చట. నాకు అందులో తప్పేమీ కనిపించదు, సంప్రదాయం పేరుతో అమ్మడమే కాస్త అతిగా తోస్తుంది.

నిజంగా పాడైన సీసా లక్షణాలు వేరు. మూత తీయగానే ఆగకుండా పొంగినా, పుల్లగా తగిలినా, చిక్కదనం పోయి నీళ్లలా ఉన్నా సూక్ష్మజీవులు చేరాయని అనుమానించాలి. పొగ లేకుండా ప్లాస్టర్ పట్టీ వాసన మాత్రమే వస్తే, తయారీ నీళ్లలోని క్లోరిన్ ఫీనాళ్లతో కలిసి ఉండవచ్చు. మీరు చెప్పినదాంట్లో పులుపు ప్రస్తావన లేదు, చిక్కగానే ఉందన్నారు.

రెండో సీసా ఉందన్నారు కదా, దాన్ని ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి, 10 నుంచి 13 డిగ్రీల మధ్య, చిన్న గుక్కలుగా తాగి చూడండి. అప్పటికీ అయోడిన్ మింగుడు పడకపోతే, జర్మనీలోని బాంబెర్గ్‌లో చేసే రౌఖ్‌బీర్ ప్రయత్నించండి. దాని మాల్ట్‌ను బీచ్ కట్టెల మీద ఆరబెడతారు కాబట్టి పొగ దండిగా ఉన్నా ఆసుపత్రి వాసన రాదు.