ఆయనకు నెరిస్తే పెద్దరికం, నాకు నెరిస్తే జబ్బా?

మేడమ్, నా వయసు 44, మావారికి 47. ఒక ప్రైవేటు సంస్థలో ట్రైనర్‌ని. క్లయింట్లకు క్లాసులు చెప్పడం నా పని. నాకు ముప్పై దాటగానే జుట్టు నెరవడం మొదలైంది. పన్నెండేళ్లపాటు నెలనెలా డై వేసుకున్నాను. చివరి రెండేళ్లూ వేసుకున్న మర్నాడల్లా చెవుల వెనక దురద. ఆఖరిసారి వేసుకున్నప్పుడు కళ్లు తెరవలేనంతగా ముఖం వాచింది. దాంతో మానేసి ఎనిమిది నెలలైంది. మావారికి నాకంటే ఎక్కువే నెరిసింది, కానీ ఆయన ఎప్పుడూ రంగు వేసుకోలేదు. మొన్న ఒక ఫంక్షన్‌లో ఆయన్ని చూసి "పెద్దరికం వచ్చేసిందే, బాగున్నావు" అన్నవాళ్లే నావైపు తిరిగి "ఏమైంది, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు. ఇంటికొచ్చాక ఆయన, "నా పక్కన అక్కలా ఉన్నావు, నాకూ నామోషీగా ఉంది" అన్నారు. మా పెళ్లిరోజుకి స్టేటస్‌లో ఆరేళ్ల కిందటి ఫోటో పెట్టారు. ఆఫీసులో మా మేనేజర్ "కాస్త ఫ్రెష్‌గా కనిపించేవాళ్లని క్లయింట్ల దగ్గరికి పంపుదాం" అని నన్ను మెటీరియల్ తయారుచేసే పనిలోకి మార్చారు. పదిహేనేళ్ల మా అమ్మాయి, స్కూల్లో మీటింగ్‌కి నాన్నని పంపమంటోంది. మళ్లీ డై వేసుకుంటే అందరూ ఊరుకుంటారేమో. ఇంత చిన్న విషయానికి ఇంతగా బాధపడటం నా తప్పేనా?

- ఒక సోదరి

ముందుగా ఒళ్లు సంగతి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది ఆగదు. ఆ డై మళ్లీ ముట్టుకోకండి. చాలాకాలం నిలిచే ముదురు రంగుల్లో ఎక్కువగా వాడే రసాయనం పారాఫినైలిన్‌డయామిన్. డబ్బా మీద పీపీడీ అని కూడా రాస్తారు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అది మీకు పడటం లేదనే అనుమానం వస్తోంది. ఇలాంటి ఎలర్జీ ఒకసారి మొదలైతే సాధారణంగా పోదు. ఈసారి దురదతో సరిపెట్టింది వచ్చేసారి వాపు దాకా వెళ్లొచ్చు, మీకు జరిగిందీ అదే. కంపెనీ మార్చినంత మాత్రాన లాభం ఉండదు. దానికి దగ్గరి చుట్టాల్లాంటి రసాయనాలు కొన్ని ఉన్నాయి, ఒకటి పడనివాళ్లకు రెండోదీ పడకపోవచ్చు. 'సహజం' అని రాసిన నల్లరంగు పొడుల్లోనూ కొన్నిటిలో ఇది కలుస్తుంది. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లి ప్యాచ్ టెస్ట్ చేయమని అడగండి. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి రెండు రోజులు ఉంచుతారు. అవి తీశాక ఒకసారి, మళ్లీ కొన్ని రోజులకు ఇంకోసారి చూస్తారు. మీ ఒంటికి ఏది పడదో అప్పుడు తెలుస్తుంది.

మీ ఉత్తరం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ముఖం వాచిందని రాశారు. ఆ రోజు ఇంట్లో ఎవరు ఏమన్నారో రాయలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లారో లేదో కూడా లేదు. నాకు తెలిసిన ఆడవాళ్లలో చాలామంది ఇలాంటప్పుడు "ఏదో పడలేదులే" అనేసి, ఓ మాత్ర వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని పనికి వెళ్లిపోతారు. మీరూ అలాగే చేసి ఉంటే, మీ ఆయనకు తెలిసిన కథ వేరు. "మా ఆవిడ ఉన్నట్టుండి జుట్టు సంగతి వదిలేసింది" అని అనుకుంటున్నారేమో. ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఆయన అన్న మాట మాటే, దాని దగ్గరికీ వస్తాను. కానీ జరిగింది పూర్తిగా తెలియని మనిషితో వాదన పెట్టుకుంటే అది ఎటూ తెగదు.

ఇది చిన్న విషయమా అని అడిగారు కదా, ఒక లెక్క వేద్దాం. నెలకోసారి చొప్పున పన్నెండేళ్లకు 144 సార్లు. రంగు కలిపి, పట్టించి, కూర్చుని, కడుక్కుని, బాత్రూమ్ నేల మీద మరకలు తుడిచి వచ్చేసరికి రెండు గంటలు పట్టిందనుకుంటే 288 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి సరిగ్గా 12 రోజులు. ఈ పన్నెండేళ్లలో మీ ఆయన జుట్టుకు తలదువ్వడం తప్ప ఏ ఖర్చూ పడలేదు. వెంట్రుక కుదురులో రంగు తయారుచేసే కణాలు తగ్గిపోతే జుట్టు నెరుస్తుంది. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా జరిగేది అదే. దానికి ఒకరి దగ్గర పెద్దరికమనీ ఇంకొకరి దగ్గర జబ్బనీ పేరు పెట్టింది చూసేవాళ్లు.

చూసే కళ్లు ఎంత తేడాగా చూస్తాయో ఆస్ట్రేలియాలో ఒక టీవీ యాంకర్ తేల్చి చూపించాడు. అతని పేరు కార్ల్ స్టెఫానోవిక్. పొద్దున్నే వచ్చే కార్యక్రమంలో ఏడాదిపాటు దాదాపు రోజూ ఒకే నీలం సూటు వేసుకొచ్చాడు. ఎవరూ గమనించలేదు. 2014లో తనే బయటపెట్టాడు. అదే కార్యక్రమంలో తన పక్కన కూర్చునే లీసా విల్కిన్సన్ బట్టల మీద మాత్రం ప్రేక్షకులు అదేపనిగా వ్యాఖ్యలు పంపేవారు. ఏడాది పొడుగునా ఒకే సూటు కనబడని కళ్లకు, ఆవిడ వేసుకున్న జాకెట్టు రంగు ఒక్కరోజులో కనబడిపోయేది. కాబట్టి ఇదంతా మీ భ్రమ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక మీ ఆయన మాట. "అక్కలా ఉన్నావు, నాకూ నామోషీగా ఉంది." ఆ 'నాకూ' దగ్గర ఆగండి. మీ జుట్టు నల్లగా ఉన్నన్నాళ్లూ ఆయన తెల్లజుట్టుకు వయసుతో పనిలేకపోయింది. పక్కనే నల్లజుట్టు భార్య ఉంటే, మగాడి నెరుపు ఒక అందంలా చెల్లిపోతుంది. ఇన్నేళ్లూ మీ డై మీ ఇద్దరి వయసునూ కప్పింది. మీరు మానేసరికి ఆయన వయసు కూడా బయటపడింది. ఆయన భయం అదేమోనని నా అనుమానం. అయినా, భయం ఆయనది అయితే మందు మీ తలకి రాసుకోవడం ఏమిటి?

ఈ విషయం ఫంక్షన్ నుంచి వచ్చిన రాత్రి మాట్లాడకండి. అప్పుడు ఇద్దరూ అలిసి ఉంటారు, ఒళ్లు మండుతూ ఉంటుంది, మాట తూలుతుంది. ఒక సెలవు రోజు, అమ్మాయి ఇంట్లో లేనప్పుడు, మామూలుగా మొదలుపెట్టండి. వాచిన రోజు సంగతి మొత్తం చెప్పండి. ఫోన్‌లో ఆనాటి ఫోటో ఉంటే చూపించండి. తర్వాత పెళ్లిరోజు స్టేటస్ సంగతి ఎత్తండి. నా ఉద్దేశంలో మీకు అన్నిటికంటే లోతుగా తగిలింది అదే, 'అక్క' అన్న మాట కంటే కూడా. "మన పెళ్లిరోజున మీరు పెట్టిన ఫోటోలో ఆరేళ్ల కిందటి నేను ఉన్నాను. ఇప్పుడు మీతో ఉంటున్న నన్ను పెట్టబుద్ధి కాలేదా అనిపించింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు." ఇలా, మీకేమైందో అది చెప్పండి. "మీరు మాత్రం నెరిసిన తలతో తిరగొచ్చా" అని దెప్పాలనిపిస్తుంది, న్యాయమే. కానీ దెప్పితే ఆయన రేపే ఓ డై డబ్బా తెచ్చుకుని "ఇదిగో, నేనూ వేసుకున్నా, ఇక నువ్వూ వేసుకో" అనగలరు. దాని బదులు ఒకే ఒక్కసారి, కోపం లేకుండా అడగండి: "మిమ్మల్ని ఎప్పుడైనా, ఎవరైనా రంగు వేసుకోమన్నారా?" అడిగి ఊరుకోండి. జవాబు కోసం తొందరపెట్టకండి.

"సరదాకి అన్నాను" అంటారు, చాలామంది అనే మాటే. అంటే, "నాకు సరదాగా లేదు, ఇంకెప్పుడూ అనకండి" అని చెబితే చాలు. అప్పటికీ నలుగురిలో చులకనచేసి మాట్లాడటం ఆగకపోతే అది జుట్టు సమస్య కానే కాదు. అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌ని కలవండి.

ఆఫీసు సంగతికి ఓపిక కంటే కాగితం ఎక్కువ పనికొస్తుంది. క్లాసుల నుంచి మిమ్మల్ని ఏ తేదీన తప్పించారు, అంతకుముందు ఆరు నెలల్లో ఎన్ని క్లాసులు చెప్పారు, ఫీడ్‌బ్యాక్ ఎలా వచ్చింది, ఇవన్నీ ఒకచోట రాసుకోండి. మేనేజర్ అన్న మాటను ఆయన అన్నట్టుగానే, తేదీ వేసి, ఎదురుగా ఎవరున్నారో కూడా రాసిపెట్టుకోండి. తర్వాత పొట్టి మెయిల్ పంపండి: నా పని మార్చడానికి కారణం ఏమిటి, నా బోధనలో లోపం ఉంటే చెప్పండి, కనిపించే తీరు గురించి సంస్థలో రాతపూర్వక నియమం ఏదైనా ఉంటే పంపండి, అది మగవాళ్లకూ వర్తిస్తుందా. మీ అంతట మీరు 'నా తెల్లజుట్టు వల్లనే' అని మాత్రం రాయకండి. కారణం చెప్పాల్సిన బాధ్యత ఆయనది, ఆయన్నే రాయనివ్వండి. జవాబు రాకపోయినా, తప్పించుకునేలా వచ్చినా ఆ మెయిల్‌తో హెచ్.ఆర్. దగ్గరికి వెళ్లొచ్చు.

ఈ కాగితాల గోలెందుకు అంటారేమో. అమెరికాలో ఆన్ హాప్కిన్స్ అనే ఆవిడ ఒక పెద్ద అకౌంటింగ్ సంస్థలో పనిచేసేది. 1982లో భాగస్వామి హోదా కోసం 88 మంది పేర్లు ముందుకొస్తే, అందులో ఆడమనిషి ఆవిడ ఒక్కతే. హోదా ఇవ్వకుండా ఆపేశారు. ఇంకాస్త ఆడతనంగా నడవాలని, మాట్లాడాలని, మేకప్ వేసుకోవాలని, జుట్టు చక్కగా తీర్చుకోవాలని, నగలు పెట్టుకోవాలని సలహా కూడా ఇచ్చారు. ఆవిడ కోర్టుకెళ్లింది. ఆడమనిషి ఇలాగే కనబడాలి అన్న ముందస్తు అభిప్రాయంతో ఉద్యోగ నిర్ణయాలు తీసుకోవడం కూడా వివక్షేనని 1989లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. మిమ్మల్ని కోర్టుకెళ్లమనడం లేదు. చట్టాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు, ఇంటి ఖర్చులు, ఉద్యోగం అవసరం మీకే తెలుసు. లెక్కలన్నీ చూసుకుని, ఇప్పటికి ఊరుకుందాం అనుకున్నా అది పిరికితనమేమీ కాదు. ఆ రాసిన కాగితాలు మాత్రం పారేయకండి.

అమ్మాయి దగ్గర మాత్రం ఉపన్యాసం వద్దు. నాన్నని పంపమన్నందుకు కోప్పడకండి కూడా. పదిహేనేళ్ల వయసులో తల్లి జుట్టు గురించి సిగ్గుపడుతోందంటే, తోటిపిల్లలెవరో ఏదో అని ఉంటారు. అది మీ గురించే అన్నారో, తన గురించి అన్నారో. తన మొటిమల గురించో, ఒళ్లు గురించో ఎవరైనా ఏమైనా అంటున్నారేమో కనుక్కోండి. పక్కపక్కన కూర్చుని ఏదో పని చేస్తున్నప్పుడు అడిగితే పిల్లలు త్వరగా నోరు విప్పుతారు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బిగుసుకుపోతారు. ఇంకొకటి, అద్దం ముందు నిలబడి "ఛీ, ఎలా అయిపోయానో" అని మీరు పైకి అంటున్నారేమో ఈ వారం గమనించుకోండి. ఇందులో నేనూ తక్కువేం తినలేదు. చాలా రోజులకి కనబడిన ఆడవాళ్లని "సన్నబడ్డావే" అనీ, మగవాళ్లని "పనెలా ఉంది" అనీ పలకరిస్తానని ఈమధ్యే పట్టుబడ్డాను. పట్టుకున్నది మా అబ్బాయే.

మరి డై వేసుకోవాలా వద్దా? టెస్ట్ అయ్యాక, మీకు పడే రంగు ఒకటుందని డాక్టరు చెబితే, మీకు వేసుకోవాలని ఉంటే వేసుకోండి. అందువల్ల ఎవరి ముందూ ఓడిపోయినట్టు కాదు. వద్దనుకుంటే, జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఈ ఎనిమిది నెలలకు కుదుళ్ల దగ్గర బెత్తెడు కొత్త జుట్టు వచ్చి ఉంటుంది. అది చాలనిపిస్తే పాత రంగున్న చివర్లు కత్తిరించేయొచ్చు. పొడుగు జుట్టు ఇష్టమైతే ఇంకొన్నాళ్లు రెండు రంగులూ ఉంటాయి, ఉండనివ్వండి. "ఒంట్లో బాగోలేదా" అని అడిగేవాళ్లకు "బాగుంది, డై పడక మానేశాను" అని ఒక్క ముక్కలో చెప్పేసి వాళ్ల పిల్లల సంగతి అడగండి. రెండోసారి అడిగేవాళ్లు తక్కువ.

ఆ డాక్టరు అపాయింట్‌మెంట్ మీ ఆయనకు సెలవు ఉన్న రోజున తీసుకోండి. బయట బెంచీ మీద కూర్చోబెట్టొద్దు, మీతోపాటు లోపలికి రమ్మనండి.