టీఎస్‌హెచ్ నార్మలే, మరి ఈ నీరసం ఎక్కడిది?

ముప్పై ఆరేళ్ళ వయసులో నీరసం, చలి, జుట్టు రాలడం, బరువు పెరగడం అన్నీ ఉన్నాయనీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) మాత్రం 2.8 వచ్చిందనీ, డాక్టరుగారు "మీకేం లేదు" అంటున్నారనీ రాశారు. అచ్చం నా కథే.

మాది గుంటూరు. మే నెలలో ఇంటిల్లిపాదీ కూలరు ముందు చేరితే నేను దుప్పటి వెతుక్కునేదాన్ని. బడి నుంచి వచ్చి కుర్చీలో కూలబడితే చెప్పులు విప్పడానికి కూడా వంగబుద్ధయ్యేది కాదు. మా వదినకి థైరాయిడ్ ఉంది కాబట్టి నాకూ అదేనని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. తీరా చూస్తే టీఎస్‌హెచ్, టీ4 (థైరాయిడ్ తయారు చేసే హార్మోన్) రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఆ డాక్టరు రిపోర్టు మీంచి తలెత్తకుండానే "టెన్షన్ తగ్గించుకోండమ్మా, రోజూ వాకింగ్ చేయండి" అన్నాడు. నడిచే ఓపికే ఉంటే ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తాను?

"నా మాత్రలు కొన్నాళ్ళు వేసుకుని చూడు" అంది వదిన. ఈ ఉచిత వైద్యం మాత్రం వద్దండీ. అవసరం లేకుండా థైరాక్సిన్ (అదే, ఆ థైరాయిడ్ మాత్ర) వేసుకుంటే గుండె దడ వస్తుంది, పోనుపోను ఎముకలు పలచబడతాయి. అసలు ఆవిడే ఆ మాత్రని పొద్దున్నే కాఫీతో మింగి, టీఎస్‌హెచ్ దిగట్లేదని డాక్టర్ని తిట్టుకుంటుంది. ఖాళీ కడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట, గంట ఆగి కాఫీ తాగమని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

చివరికి మా వీధి చివర ఉండే పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన రిపోర్టు పక్కన పెట్టేసి, నా కింది రెప్ప లాగి చూశారు, గోళ్ళు చూశారు. నెలసరి ఎన్ని రోజులు, రక్తం గడ్డలుగా పడుతోందా అని అడిగారు. భోజనం అవగానే టీ తాగుతారా అన్నారు. తర్వాత ఉన్నట్టుండి, "పచ్చి బియ్యం గానీ బలపాలు గానీ తినాలనిపిస్తుందా?" అన్నారు. నేను నోరు తెరిచే లోపే మావారు నవ్వి, "చాటలో బియ్యం సగం ఈవిడే తినేస్తుంది సార్" అనేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని చిన్నప్పుడు అమ్మ తిట్టేది. పెళ్ళయి పిల్లలు పుట్టాక నాకు మళ్ళీ ఆ యావ పట్టుకుందేమిటని మాలో ఒక్కరూ ఆలోచించలేదు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఒంట్లో ఐరన్ అడుగంటితే అలా తినాలనిపిస్తుందట.

ఆయన రాసిన పరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 6 వచ్చాయి, రెండూ తక్కువే. స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే కణితులు) బయటపడ్డాయి, నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేది వాటివల్లేనట. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి, టీ ఐరన్‌ని సరిగ్గా ఒంటబట్టనివ్వదు కాబట్టి భోజనానికీ టీకీ మధ్య ఎడం పెట్టి, ఆ రక్తస్రావానికి మందు వాడాక కొన్ని నెలల్లో మనిషినయ్యాను.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, అంతకు ముందు ఏడాది చెకప్‌లోనే హిమోగ్లోబిన్ 10.6 ఉంది. "ఆడవాళ్ళకి ఇది మామూలేలెండి" అన్నారు! గర్భం లేని ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఉంది కాబట్టి మామూలే అనుకోవాలా? నన్నడిగితే థైరాయిడ్ అనుకుని తిరిగే ఆడవాళ్ళలో చాలామందిది రక్తం కథే.

మీ సంగతికొస్తే, హిమోగ్లోబిన్, ఫెరిటిన్‌తో పాటు బీ12, విటమిన్ డీ, షుగర్ కూడా చూడమని అడగండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ మాట చెప్పండి, థైరాయిడ్ రిపోర్టునే తారుమారు చేయగలవి అవి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి ఉంటే ఫ్రీ టీ4 కూడా చేయించండి. మెదడు అడుగున ఉండి టీఎస్‌హెచ్‌ని తయారు చేసే పిట్యుటరీ గ్రంథిలో తేడా ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించవచ్చు. కాన్పులో రక్తం బాగా పోతే ఆ గ్రంథి దెబ్బతినొచ్చు, అందుకే అలా జరిగాక పాలు పడకపోయినా, నెలసరి రాకపోయినా అది తప్పకుండా చెప్పాల్సిన విషయం. యాంటీ టీపీఓ (మన ఒళ్ళే థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే రక్తపరీక్ష) పాజిటివ్ వస్తే ఇప్పుడు మాత్ర అక్కర్లేకపోయినా ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకోవాలి. నాకు నెగెటివే వచ్చింది.

ఇంతా రాశారు గానీ మీ హిమోగ్లోబిన్ ఎంతో, నెలసరి ఎలా ఉందో రాయలేదు. పాత రిపోర్టు దగ్గరుంటే ముందు అది చూసి చెప్పండి.