పన్నెండు కుటుంబాల భూమి ఒక్కరి పేరు మీద ఉండొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. టీచర్లు, ఆటో డ్రైవర్లు, ఒక టైలర్ కలిపి పన్నెండు కుటుంబాలం. బిల్డర్లు చెప్పే రేట్లు మాకు అందడం లేదు. ధర్మసాగర్ వైపు ఎకరం వ్యవసాయ భూమి చూశాం. డబ్బులు కలిపి ముందు మాలో పెద్దాయన పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించి, ఇళ్లు కట్టాక ఎవరిది వారికి రాయించుకుందామని ఆలోచన. సొసైటీ (సహకార సంఘం) పెట్టాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలని కొందరికి టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: కలిసి కట్టుకోవడం చాలా మంచి ఆలోచన. ఒక్కరి పేరు మీద మాత్రం పెట్టకండి. పెద్దాయన మీద నాకు అనుమానం లేదు. కానీ కాగితంలో భూమి ఆయనదే. రేపు ఆయన కాలం చేస్తే వారసులు వాటా అడుగుతారు. ఆయనకు బాకీలుంటే భూమి జప్తుకు రావచ్చు. డబ్బు మాదని మీరు కోర్టుకు వెళ్తే 1988 నాటి బినామీ చట్టం అడ్డం పడుతుంది. బినామీ ఆస్తి నాదంటూ దావా వేయడానికి 4వ సెక్షన్ ఒప్పుకోదు. నమ్మకం మీద ఆయన దగ్గర ఉంచామని వాదించే దారి ఉంది గానీ, రుజువు చేసుకునేసరికి ఏళ్లు గడుస్తాయి. అలా అద్దె ఇళ్లలోనే మిగిలిపోయిన వాళ్లను చూశాను.

పన్నెండు పేర్లతో కొంటే? చెల్లుతుంది. అయితే నా వాటా పంచివ్వండంటూ ఒక్కరు పార్టిషన్ సూట్ వేసినా అందరి పనీ ఆగుతుంది.

కాబట్టి ముందు సొసైటీ, తర్వాతే భూమి. వేర్వేరు కుటుంబాల వాళ్లు పదిమంది ఉంటే చాలు. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద పెట్టుకుంటే సహకార శాఖ అజమాయిషీ ఎక్కువ. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టంలో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, బైలాలు (సంఘం నియమాలు) మీరే రాసుకుంటారు. మీకు ఇదే నయం. ముల్కనూరు మహిళల డెయిరీ ఈ చట్టం కింద పెట్టుకున్నదే. ఎంత డబ్బు పెట్టినా ఒక్కరికి ఒక్కటే ఓటు.

బైలాల దగ్గర తొందరపడకండి. కిస్తీ ఆగితే ఎంత గడువు, మానుకునేవాళ్లకు డబ్బు ఎప్పుడు తిరిగివ్వాలి, ఇల్లు అమ్మాలంటే ముందు సొసైటీనే అడగాలా అన్నవి స్పష్టంగా రాయండి. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ప్రతి సభ్యుడి చేత నామినీ పేరు రాయించండి. నామినీ అయినంత మాత్రాన యజమాని కాడు, వారసుల హక్కు వారికి ఉంటుంది.

భూమికి నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం), కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి కావాలి. సభ్యులకు ఇళ్లు కట్టించే సొసైటీ కూడా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ప్రమోటరే, అంటే బిల్డర్ లాంటిదే. రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితులు 500 చదరపు మీటర్లు, 8 ఇళ్లు; రెండూ మీరు దాటుతున్నారు కాబట్టి రెరా రిజిస్ట్రేషన్ లెక్కలో పెట్టుకోండి.

బయానా ఇంకా ఇవ్వకపోతే ఆగండి. ఈసీ (భూమి మీద లావాదేవీలు చూపే పత్రం), పాస్‌బుక్, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) ముందు ఎవరైనా లాయరుకు చూపించండి. ఇచ్చేసి ఉంటే, రశీదులో ఎవరి పేరుందో ఈరోజే చూసుకోండి.