షాపు సైట్‌కి సర్టిఫికెట్ కొనాలా? ఆ హ్యాష్‌లోంచి డేటా లాగొచ్చా?

అన్నా, కావలిలో మీ బట్టల షాపు సైట్ తెరిస్తే 'నాట్ సెక్యూర్' అని వస్తోంది, హోస్టింగ్ వాళ్ళు (సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచేవాళ్ళు) సర్టిఫికెట్‌కి, అంటే ఆ డొమైన్ మీదేనని బ్రౌజర్‌కి చూపించే డిజిటల్ పత్రానికి, ఏడాదికింత అంటున్నారు, కట్టాలా అని ఒకటి, సర్టిఫికెట్‌లో కనపడే ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ ఏంది, దాంట్లోంచి మన డేటా ఎవరన్నా బయటికి లాగుతారా అని రెండోది, ఇదే కదా మీ ప్రశ్న.

డబ్బులు కట్టబాకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని లాభం చూసుకోని సంస్థ ఉంది, వాళ్ళు సర్టిఫికెట్లు 2015 నుంచి ఊరికే ఇస్తున్నారు, నేను ఒంగోలు నుంచి చూసే చిన్న సైట్లు, చీమకుర్తి గ్రానైట్ వాళ్ళవి గానీ రొయ్యల మేత డీలర్లవి గానీ, అన్నిటికీ అదే. కొన్నదానికీ దీనికీ ఎన్‌క్రిప్షన్ (డేటాని మధ్యలో ఎవరూ చదవకుండా మార్చి పంపడం) బలంలో తేడా ఏం ఉండదు. షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్ చాలామంది పంచుకునేది) అయితే హోస్టింగ్ సెట్టింగ్‌లుండే సీప్యానెల్‌లో ఎస్‌ఎస్‌ఎల్ అని ఈ సర్టిఫికెట్ల ఆప్షన్ ఉందేమో చూడండి, సర్వర్ మీ చేతిలోనే ఉంటే సర్టిఫికెట్ తనే తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాం వేస్తే పనైపోద్ది, సర్వర్‌లో మామూలు హెచ్‌టీటీపీ వచ్చే దారి, 80 పోర్టు మాత్రం తెరిచి ఉంచాల, డొమైన్ మీదేనా అని వాళ్ళు మామూలుగా దాంట్లోంచే చూసుకుంటారు. ప్రైవేట్ కీ ఫైల్, అంటే మీ సర్వర్‌లోనే ఉండాల్సిన రహస్య తాళంచెవి, ఎవరడిగినా వాట్సాప్‌లో పంపబాకండి, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళకి కూడా అది అక్కర్లేదు.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇంకోచోట. ఒక గ్రానైట్ సైట్ ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా తెరుచుకుంటా ఉంది, ఓనర్ గారి పాత ఫోన్‌లో మాత్రం ఎర్రర్. చూస్తే, అంతకుముందు పెట్టినాయన సర్టిఫికెట్ ఒక్కటే పెట్టి దాన్ని బ్రౌజర్ నమ్మే సంస్థతో కలిపే మధ్య సర్టిఫికెట్, ఇంటర్మీడియట్ అంటారు, అది వదిలేశాడు. ల్యాప్‌టాప్ బ్రౌజర్ చాలాసార్లు దాన్ని తనే తెచ్చుకుంటది, కొన్ని ఫోన్లు, యాప్‌లు తెచ్చుకోవు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో ఆ రెండూ కలిసి ఉండే ఫుల్‌చెయిన్ ఫైల్ పెట్టగానే కుదిరింది.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు మామూలుగా 90 రోజులే, 2025 జూన్ నుంచి గడువు దగ్గరపడిందని మెయిల్ పంపడం కూడా మానేశారు, కాబట్టి ఆటో రెన్యూవల్ నిజంగా నడుస్తోందా లేదా అని డ్రై రన్ (ఉత్తుత్తి పరీక్ష) చేసి చూసుకోండి.

ఇంక హ్యాష్, అంటే డేటాకి లెక్కేసి తీసే వేలిముద్ర లాంటిది. మొలగొలుకులు పిండి పట్టించాక మళ్ళీ గింజ చేయలేం కదా, ఇదీ అంతే, వెనక్కి రాదు. ఒక్క అక్షరం ఇచ్చినా పెద్ద వీడియో ఫైల్ ఇచ్చినా వచ్చేది 64 అక్షరాలే, లోపల ఒక్క చుక్క మారినా మొత్తం మారిపోద్ది. సర్టిఫికెట్‌లో దాని పని దాచడం కాదు, ఎవరూ మార్చలేదని తేల్చడం. ఇచ్చే సంస్థ అందులోని వివరాలకి హ్యాష్ తీసి దానిమీద తన ప్రైవేట్ కీతో సంతకం పెడతది, బ్రౌజర్ మళ్ళీ లెక్కేసి సరిచూసుకుంటది, మీ డొమైన్ పేరు తీసి ఎవడన్నా తన పేరు పెడితే అక్కడే దొరికిపోతాడు. పాత ఎస్‌హెచ్‌ఏ-1కి 2017 ఫిబ్రవరిలో గూగుల్ వాళ్ళు, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కలిసి ఒకే హ్యాష్ వచ్చే రెండు వేరే వేరే పీడీఎఫ్‌లు చేసి చూపించారు, బ్రౌజర్లు ఇప్పుడు దాన్ని నమ్మవు.

వెనక్కి రాదు అన్నానని కస్టమర్ల పాస్‌వర్డ్‌లు వట్టి ఎస్‌హెచ్‌ఏ-256లో దాస్తే మాత్రం కుదరదన్నా. అది చాలా స్పీడు, డేటాబేస్ దొరికినోడు తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ కోట్లకొద్దీ హ్యాష్ చేసుకుంటా పోలుస్తాడు, '123456' పెట్టినోళ్ళంతా నిమిషంలో దొరుకుతారు. పాస్‌వర్డ్‌లకి బీక్రిప్ట్ లాంటి, కావాలనే నెమ్మదిగా నడిచేలా చేసిన హ్యాష్ పద్ధతి ఉండాల. మీ సైట్‌లో లాగిన్ ఉంటే ఏది వాడాడో డెవలపర్‌ని అడగండి, ఎండీ5 అనే పాత, బలంలేని హ్యాష్ అన్నాడంటే ఈ వారమే మార్పించండి.