పాత మ్యూజియం భవనంలో హీటింగ్ ఖర్చు, నీళ్ల వాడకం తగ్గించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండొందల ఏళ్ల భవనం, గోడలు తవ్వడానికి, కిటికీలు మార్చడానికి అనుమతి లేదు, హీటింగ్ బిల్లు మాత్రం పెరుగుతోంది, నీళ్ల వాడకమూ తగ్గించాలి అన్నారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఒక పాత బంగళా మ్యూజియంలో కొన్నేళ్లుగా వాలంటీరుగా ఉన్నాను. బాయిలర్ జోలికి వెళ్లేముందు గదుల్లో తేమ ఎంతుందో చూడండి.

నేను చేరిన మొదటి చలికాలం, సందర్శకులు వణుకుతున్నారని థర్మోస్టాట్ 21 డిగ్రీలకు పెట్టాం. జనవరి చివరికి ఒక పాత బీరువా తలుపు మీద అతికించిన పల్చటి చెక్క పొర అంచు లేచింది. వేలు ఆనిస్తే కాగితంలా కదిలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గాలి వేడెక్కేకొద్దీ తేమ శాతం పడిపోతుంది, చెక్క ముడుచుకుపోతుంది. తేమ మరీ ఎక్కువైతే బూజు, పురుగులు. ఇప్పుడు మా రేడియేటర్లను నడిపేది హ్యుమిడిస్టాట్, అంటే గాలిలో తేమను బట్టి హీటింగ్‌ను ఆన్, ఆఫ్ చేసే పరికరం. తేమ 50 నుంచి 65 శాతం మధ్య ఉండేలా కొద్దిగా వేడి ఇస్తుంది, అంతే. వచ్చినవాళ్లను కోటు విప్పొద్దని గుమ్మంలోనే చెబుతాం. ఆఫీసు గది ఒక్కటే వెచ్చగా ఉంచుతాం.

ఇంత తక్కువ వేడి చాలినప్పుడు హీట్ పంపు (బయటున్న వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రం) బాగా కలిసొస్తుంది. వేల్స్‌లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసే ప్లాస్ నెవిద్ భవనం, చలి ముదిరిన రోజుల్లో రోజుకు 1,500 లీటర్ల దాకా ఆయిల్ కాల్చేది. 2014లో పక్కనున్న మెనై జలసంధి నీటి నుంచి వేడి తీసుకునే 300 కిలోవాట్ల పంపు పెట్టారు. మీకు సముద్రం లేకపోవచ్చు, గాలి నుంచో నేల నుంచో వేడి తీసే పంపులూ ఉన్నాయి. తేమ లెక్క తేలాకే పంపు సైజు నిర్ణయించండి.

నీళ్ల సంగతికి వస్తే, రాత్రి తాళం వేసేటప్పుడు ఒకసారి, పొద్దున తెరిచేముందు ఒకసారి మీటర్ అంకె రాసుకోండి. మనిషి లేనప్పుడు అది కదలకూడదు. మా దగ్గర కదిలింది. టాయిలెట్ గిన్నె లోపల వెనకవైపు పొడి టిష్యూ అంటించి చూస్తే నిమిషంలో తడిసింది. నీళ్లు మిగులుతాయని పెట్టించిన రెండు బటన్ల ఫ్లష్ వాల్వే సన్నగా కారుతోంది! సీల్ మార్చాక మీటర్ ఆగింది.

వాన నీళ్లు తొట్టెలో పట్టి తోటకు వాడుతున్నాం. పైకప్పుకు సీసపు రేకులుంటే ఆ నీళ్లు కూరగాయలకు మాత్రం వద్దు. ఆకులు రాలే కాలంలో చూరు గొట్టాలు తప్పకుండా శుభ్రం చేయించండి. అవి పూడితే గోడ నానుతుంది, గదిలో తేమ పెరుగుతుంది, హ్యుమిడిస్టాట్ హీటింగ్‌ను ఆపకుండా నడుపుతుంది. మాకు ఒక నవంబరంతా అలాగే నడిచింది.

నెల రోజులు ప్రతి గది తేమ రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.