పాత సీరియల్ స్పేస్‌మౌస్ ఉబుంటులో కదలడం లేదా? ముందు కన్వర్టర్‌ను చూడండి

అడిగింది ఇదీ: గుణుపూర్‌లో ఇళ్ల ప్లాన్లు గీసేవారి దగ్గర 9 పిన్నుల పాత మాగెల్లాన్ స్పేస్‌మౌస్ (తెరమీది 3డీ బొమ్మను తిప్పే మౌస్) ఉంది. యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్‌తో ఉబుంటు 22.04కి తగిలిస్తే ఫ్రీక్యాడ్ అనే 3డీ డిజైన్ ప్రోగ్రాంలో బొమ్మ తిరగడం లేదు. మౌస్ పోయిందా?

పోయిందని అప్పుడే అనుకోకండి. ఇలాంటివి కలిపినప్పుడల్లా నేను ముందు చూసేది పోర్టు. డ్రైవర్, కరెంటు సంగతి ఆ తర్వాతే.

ఉబుంటు 22.04లో ఒక చిక్కుంది. చవక కన్వర్టర్లలో ఎక్కువగా వచ్చే సీహెచ్340 చిప్‌ను బ్రెయిలీ పరికరంగా పొరబడి బీఆర్ఎల్‌టీటీవై (brltty) ప్రోగ్రాం లాగేసుకుంటుంది. తగిలించిన వెంటనే టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ ఇచ్చి చూడండి: టీటీవైయూఎస్‌బీ0 (ttyUSB0, కన్వర్టర్‌కు వచ్చే పోర్టు పేరు) వచ్చి వెంటనే మాయమైతే అదే కారణం. బ్రెయిలీ వాడేవారు ఇంట్లో లేకపోతే ఆ ప్యాకేజీ తీసేసి, కన్వర్టర్‌ను మళ్లీ గుచ్చండి.

పోర్టు నిలబడ్డాక ఈ మౌస్‌కు డ్రైవర్‌గా పనిచేసే స్పేస్‌నావ్‌డీ (spacenavd) ప్యాకేజీ వేయండి. ఈటీసీ ఫోల్డరులోని ఎస్‌పీఎన్‌ఏవీఆర్‌సీ (/etc/spnavrc) ఫైల్లో సీరియల్ అనే పదం, సమానం గుర్తు, పోర్టు దారి ఇంగ్లీషు అక్షరాల్లో (serial = /dev/ttyUSB0 అని) రాసి, సర్వీసును రీస్టార్ట్ చేయండి. 9600 వేగం లాంటివి అదే చూసుకుంటుంది. ఫ్రీక్యాడ్‌ను దాని తర్వాతే తెరవండి. ముందే తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవాలి.

అప్పటికీ కదలకపోతే కరెంటు చూడండి. ఈ మౌస్‌కు వేరే అడాప్టర్ ఉండదు, పోర్టులోని డీటీఆర్ (4వ పిన్ను), ఆర్‌టీఎస్ (7వ పిన్ను) అనే సంకేతాల తీగల నుంచే తనకు కావలసింది తీసుకుంటుంది. అందుకే మూడు తీగలే ఉన్న కేబుల్ పనికిరాదు, పిన్నులన్నీ నేరుగా వెళ్లేది కావాలి. తీగలు అడ్డంగా మార్చి కలిపే నల్ మోడెం కేబుల్ అసలే వద్దు. సర్వీసు నడుస్తుండగా, మౌస్ తగిలించి ఉండగానే, మల్టీమీటరుతో 4వ పిన్నుకూ 5వ పిన్నుకూ (గ్రౌండ్) మధ్య, 7కూ 5కూ మధ్య కొలవండి. పోర్టు తెరుచుకోనిదే ఆ తీగల్లో సరైన వోల్టేజీ రాదు కాబట్టి సర్వీసు ఆపి కొలిస్తే మోసపోతారు. 5 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే కన్వర్టర్ మార్చాల్సిందే. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది అడగండి. రాయగడలో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోవచ్చు. నకిలీ చిప్‌లూ ఉన్నాయి కాబట్టి కొలిచాకే నమ్మండి. కన్వర్టర్‌ను ముందు ప్యానెల్‌కో, కరెంటు లేని హబ్‌కో కాకుండా వెనక పోర్టుకే నేరుగా గుచ్చండి.

కన్వర్టర్ ఒక్క క్షణం తెగి వచ్చినా టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ1 అయిపోతుంది, ఎందుకంటే పాత పేరును సర్వీసు ఇంకా పట్టుకునే ఉంటుంది. డెవ్ ఫోల్డరులో సీరియల్, అందులో బై-ఐడీ (/dev/serial/by-id) కింద కనిపించే దారిని ఫైల్లో రాస్తే ఈ గొడవ ఉండదు. వోల్టేజీ ఊగే చోట ఇది తప్పనిసరి.

చేయి తీసేసినా బొమ్మ మెల్లగా జారుతుంటే స్పేస్‌నావ్ సెట్టింగుల్లో డెడ్ జోన్ (చిన్న కదలికలను పట్టించుకోని హద్దు) కొంచెం కొంచెం పెంచండి. ఒకేసారి ఎక్కువ పెంచితే సున్నితమైన కదలిక చచ్చిపోతుంది.

విండోస్ వైపు వెళ్లి లాభం లేదు, అక్కడ ఈ మౌస్‌ల డ్రైవర్ అయిన ఇప్పటి 3డీఎక్స్‌వేర్ 10 యూఎస్‌బీ పరికరాలకే. ఈ వారమే ఎవరికైనా ప్లాన్ ఇవ్వాల్సి ఉంటే ఇలాంటిదే అయిన యూఎస్‌బీ 3డీ మౌస్ స్పేస్‌నావిగేటర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం మేలు: స్పేస్‌నావ్‌డీ దాన్ని తానే గుర్తుపడుతుంది, ఫైల్లో రాయాల్సిందేమీ లేదు.